అట్టలో లేని పువ్వు

మానవునకు తెలియని విషయములు సాధారణముగా రెండు తెగలుగా నుండును. మొదటి తెగలో వస్తువు ఉన్నది, మనకు తెలియదు. తాళము వేసిన గోదాములోని నూలు బేళ్ళ సంఖ్య ఇట్టిది. లెక్కించినను లెక్కింపకున్నను అవి అన్నియే. రెండవ తెగలో సంగతి ఇంకను జరుగలేదు గనుక తెలియదు. రాబోవు మృగశిర కార్తెలో వాన ఎంత కురియునో యనునది ఇట్టిది. ఈ రెండు తెగలతోనే లోకవ్యవహార మంతయు గడచిపోవుచున్నది. మేము నలుబది సంవత్సరములకు దగ్గరగా చిట్టా, ఆవర్జాలు వ్రాసి జీవించినవారము. ఆ వృత్తికి పునాది మొదటి తెగయే. తనిఖీదారు చూచుటచేత సరకు పుట్టదు. చూడకపోవుటచేత సరకు తరుగదు. ఉన్నదానిని ఉన్నట్లు వ్రాయుటయే గుమాస్తా ధర్మము.

అయితే మూడవ తెగ యొకటి కలదని భౌతికశాస్త్రజ్ఞులు ఇంచుమించు నూరేండ్లుగా చెప్పుచున్నారు. వస్తువు ఇచ్చటనే, ఇప్పుడే యున్నది. దానిని గూర్చి ఒక ప్రశ్న అడుగవచ్చును. కాని అడుగునంతవరకు ఆ ప్రశ్నకు జవాబు లేదు. జవాబు ఎక్కడనో దాగియున్నదని కాదు. లేనే లేదని వారిలో పెక్కుమంది అభిప్రాయము. క్వాంటం శాస్త్రమునకు పునాదియందున్న ఈ మాట నిజమా, నిజమైనచో మన బ్రతుకునకు దాని వలన నేర్వదగిన దేమి అని ఈ వ్యాసమున యథాశక్తి విచారింపదలచితిమి.

ఇది పెద్ద చదువులు చదివినవారి విషయము గదా, మన నేతపేటలకు దీనితో పని యేమి అని చదువరులు అడుగవచ్చును. పని కలదు. మన యిండ్లలో కష్టము వచ్చిన ప్రతిసారియు వినబడు మాట "నుదుటి వ్రాత". సాంచా ఆగిపోయినను, బిడ్డ చదువు నిలిచిపోయినను, ఆ మాటతోనే విచారణ ముగియును. వ్రాత ముందే వ్రాసి యున్నదా యనునది నిజముగా ఒక ప్రశ్న. దానిని శాస్త్రము పరీక్షించి చూచిన తావు ఒకటి కలదు. అదియే ఈ క్వాంటం శాస్త్రము. ఇక రెండవ కారణము: ఈ శాస్త్రము పేరు చెప్పి కడియములును, నీళ్ళును, చికిత్సలును అమ్మువారు పట్టణములలో బయలుదేరిరి. దగ్గుతో బాధపడు సాంచా కార్మికుడు ఆసుపత్రికి పోవలసిన ధనమును ఇట్టివారి చేతిలో పోయుట జరుగరాదు. తెలియని పేరునకు భయపడువాడే సులభముగా మోసపోవును.

ముందుగా పాత నమ్మకమును పరిశీలింతము. దానికి మన మగ్గమే చక్కని ఉదాహరణము. 19వ శతాబ్దపు చివరి భాగము నుండి తెలంగాణమును విడిచి షోలాపురము చేరిన మన పెద్దలు నేసిన చద్దరులకు దేశమంతట పేరు వచ్చినది. ఆ చద్దరులోని పువ్వులు, నెమళ్ళు నేతగాని తలపున ఆ క్షణమున పుట్టినవి కావు. జకార్డు యంత్రముపై త్రిప్పు అట్టలలో అవి ముందే యున్నవి. అట్టలో రంధ్రమున్న చోట సూది దూరును, దాని కొక్కెము పైకి లేచును, పడుగుపోగు లేచును. రంధ్రము లేని చోట పోగు లేవదు. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకవేటునకు ఆజ్ఞ. అట్టల దండను చదువగల నిపుణుడు, ఒక్క అంగుళమైన నేయక మునుపే, చద్దరు ఎట్లుండునో చెప్పగలడు. నేడు అట్టలకు మారుగా కంప్యూటరు పెట్టిన చోట్లను సంగతి ఇదియే. పువ్వు బట్టలో కనబడక పూర్వమే అట్టలో ఉన్నది.

ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమున జోసఫ్ మేరీ జకార్డు ఈ యంత్రమును 1804 ప్రాంతమున సిద్ధపరచెను. పదేండ్ల తరువాత, 1814లో, అదే దేశమున లాప్లాసు అను గణితవేత్త తన గ్రంథమున ఒక తలపు ప్రకటించెను. ఈ క్షణమున విశ్వములోని ప్రతి కణము స్థానమును, దానిపై పనిచేయు బలములను ఎరిగి, గణింపగల బుద్ధి యొకటి యుండినచో, దానికి భూతభవిష్యత్తులు రెండును కన్నుల యెదుట నుండునని ఆ తలపు సారము. జగత్తు ఒక పెద్ద చద్దరు; అట్టలు ముందే గుద్దబడి యున్నవి; మన మందరము లేచి పడు పోగులము. న్యూటను సూత్రములు గ్రహముల నడకను, గ్రహణముల ఘడియలను తప్పకుండ చెప్పుచుండగా ఈ నమ్మకమును కాదనుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు.

ఈ నమ్మకమునకు మొదటి చిల్లు 1900 సంవత్సరపు డిసెంబరులో పడినది. కాలిన ఇనుము వెదజల్లు వెలుగునకు లెక్క కుదుర్చుటకై జర్మనీలో మాక్స్ ప్లాంకు, శక్తి ధారగా గాక విడివిడి మోతాదులుగా మారునని ఊహింపవలసి వచ్చెను. ఆ మోతాదును నిర్ణయించు సంఖ్యకు ప్లాంకు స్థిరాంకమని పేరు. జౌల్-సెకను కొలతలో వ్రాసినచో దశాంశ బిందువు తరువాత ముప్పదిమూడు సున్నలు పెట్టి, ఆపైన 6626 అని వ్రాయవలెను. ఇంత సూక్ష్మమైనది గనుకనే గోదాములోని బేళ్ళ లెక్కలో అది ఎన్నడును తగులదు. 1905లో ఐన్‌స్టీను వెలుగు సైతము రేణువులుగా పనిచేయునని చూపెను. 1913లో బోరు పరమాణువునకు ఈ లెక్క వర్తింపజేసెను. 1924లో ఢాకా విశ్వవిద్యాలయమున బోధించుచుండిన మన సత్యేంద్రనాథ బోసు, వెలుగు రేణువులను లెక్కించు కొత్త పద్ధతిని కనిపెట్టెను. అవి బేళ్ళ వలె ఒకటవది, రెండవది అని పేరుపెట్టి వేరుపరుపదగినవి కావని ఆ పద్ధతి సారము.

1925లో ఇరువదిమూడేండ్ల హైజెన్‌బర్గు ఒక విచిత్రమైన లెక్క వ్రాసెను. అందులో రెండు రాసులను గుణించునప్పుడు ఏది ముందు, ఏది వెనుక అనుదానిని బట్టి ఫలము మారుచుండెను. మనకు మూడైదులును, ఐదుమూళ్ళును పదునైదే గదా! ఆయన గురువు మాక్స్ బోర్ను ఆ లెక్కను పరిశీలించి, అవి విడి అంకెలు కావనియు, వరుసలు నిలువులుగా పేర్చిన అంకెల పట్టికలనియు గుర్తించెను. గణితమున వీనిని మాత్రికలందురు. మాత్రికల గుణకారమున క్రమమునకు ప్రాధాన్యము కలదు. స్థానమునకు ఒక మాత్రిక, వేగమును ద్రవ్యరాశితో గుణింపగా వచ్చు ద్రవ్యవేగమునకు ఒక మాత్రిక. ఈ రెంటిని రెండు క్రమములలో గుణించి తీసివేసినచో మిగులునది సున్న కాదు. ప్లాంకు స్థిరాంకముతో ముడిపడిన స్వల్పరాశి మిగులును. గాటింగెన్ నగరమున బోర్ను సమాధిపై ఈ సమీకరణమే చెక్కబడి యున్నది.

క్రమము మారిన ఫలము మారుననుట నేతపేటలో ఎవరికిని వింత కాదు. నూలునకు రంగులు వేసి పిదప నేసినచో గళ్ళు, చారలు తీర్చవచ్చును. తెల్లనూలు నేసి పిదప రంగుతొట్టిలో ముంచినచో బట్ట యంతయు ఒకే రంగు. నేయుట, అద్దకము అను పనులు రెండును అవియే. క్రమము మాత్రమే మారినది. ఇంతవరకు పోలిక సరిపోవును. వింత యెక్కడ ననగా, పనుల విషయమున గాక, కొలతల విషయమున క్రమము ఫలమును మార్చుట. బట్ట పొడవు కొలిచి పిదప వెడల్పు కొలిచినను, వెడల్పు ముందు కొలిచినను, మనకు అవే గజములు, అవే అంగుళములు. పరమాణు ప్రపంచమున అట్లు కాదు. అచ్చట కొలుచుట సైతము ఒక పనియే. అద్దకము వంటి పనియే. 1927లో హైజెన్‌బర్గు చూపిన అనిశ్చితి నియమము దీని ఫలితమే. ఒక కణమునకు స్థానము ఎంత నిర్దుష్టమైనచో దాని ద్రవ్యవేగము అంత అనిర్దిష్టమగును. రెండును ఏకకాలమున నిర్దుష్టముగా నుండు స్థితి లేదు.

ఈ భావములన్నింటికి గట్టి గణితపు పునాది వేసినవాడు హంగేరీలో జన్మించిన జాన్ ఫాన్ నాయ్‌మను. 1932లో వెలువడిన ఆయన జర్మను గ్రంథమునకు క్వాంటం యాంత్రికశాస్త్రపు గణిత పునాదులు అనియే పేరు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదెనిమిదేండ్లు. అందలి ముఖ్యభావమును మెట్రిక్ చదివినవారికి తెలియునట్లు చెప్పవచ్చునని మా నమ్మకము.

ఒక కణపు స్థితిని ఒక బాణముగా తలపుడు. దాని పొడవు ఒకటి. మనము అడుగు ప్రశ్నను ఒకదానికొకటి లంబముగా నున్న దిక్కుల జతగా తలపుడు: ఒక దిక్కు "ఔను", మరియొకటి "కాదు". బాణము ఈ రెంటి నడుమ ఏటవాలుగా నున్నచో దాని నీడ రెండు దిక్కులపైనను పడును. ఔను అను దిక్కున పడిన నీడ పొడవును దానితోనే గుణించినచో వచ్చునది "ఔను" అను జవాబు రాగల సంభావ్యత. కాదు అను దిక్కు విషయమును అంతే. నీడ పొడవునే తీసికొనక దాని వర్గమును ఏల తీసికొనవలెను? లంబకోణ త్రిభుజమునకు పిథాగరసు చెప్పిన సూత్రము జ్ఞప్తికి తెచ్చుకొనుడు. రెండు నీడల వర్గముల మొత్తము బాణపు వర్గమునకు, అనగా ఒకటికి, సమానము. ఔను, కాదు అను జవాబుల సంభావ్యతలు కలిసి నూటికి నూరు కావలెను గదా. వర్గములు తీసికొన్నచో అది తనంత తానే కుదురును. ఈ నియమమును మొదట చెప్పిన బోర్ను, 1926 నాటి తన వ్యాసమున, వర్గమను మాటను అచ్చుచిత్తు దిద్దునప్పుడు అడుగుసూచికగా చేర్చెను. ఆ అడుగుసూచిక చెప్పిన పనికే 1954లో నోబెల్ బహుమానము వచ్చినది. లంబదిక్కులు మూడుగాని అంతకెక్కువగాని యున్నచో, సంభావ్యతలను సమముగా పంచుటకు ఇట్టి నియమము తప్ప వేరొకటి లేదని 1957లో గ్లీసను అను అమెరికను గణితవేత్త నిరూపించెను.

జవాబు వచ్చిన వెంటనే బాణము ఆ జవాబు దిక్కునకు తిరుగును. వెనుకటి వాలు పోవును. కంటితో చూడదగిన దృష్టాంతము కావలెనన్నచో పోలరాయిడ్ అద్దములు మూడు తీసికొనుడు. మొదటిదానిని నిలువుగా, రెండవదానిని దానికి అడ్డముగా పట్టినచో వెలుగు రెంటిని దాటి రాదు, చీకటియే. ఇప్పుడు ఆ రెంటి నడుమ మూడవ అద్దమును నలుబదియైదు డిగ్రీల వాలుగా దూర్చుడు. అడ్డము అధికమైనది గనుక చీకటి ముదురవలెను. కాని వెలుగు వచ్చును! లోపము లేని అద్దములైనచో, మొదటిదానిని దాటిన వెలుగులో నాలుగవ వంతు చివరకు వచ్చును. నడిమి అద్దము వెలుగును జల్లించు జల్లెడ మాత్రమే యైనచో ఇది పొసగదు. అది కొత్త ప్రశ్న వేసెను. ఆ ప్రశ్న పాత జవాబును చెరిపి, బాణమును వాలు దిక్కునకు త్రిప్పెను. పాత భౌతికశాస్త్రము సైతము తరంగముల లెక్కతో దీనిని చెప్పగలదు. కాని వెలుగును ఒక్కొక్క రేణువుగా పంపినను లెక్క ఇదియే వచ్చుననుటలో క్వాంటం రహస్యము కలదు.

ఈ వెలుగు రేణువుల చరిత్రలో తెలుగువాడొకడు కలడని మన బిడ్డలకు చెప్పవలెను. 1909లో కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతం హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా చేరి సర్ సి.వి. రామను వద్ద పరిశోధకుడయ్యెను. వెలుగు రేణువునకు స్పిన్ అను స్వీయభ్రమణ గుణము కలదనుటకు ప్రయోగసాక్ష్యమును వీరిరువురు కలిసి 1931లో ప్రకటించిరి. ఆ గుణమును రేణువు సాగు దిక్కున కొలిచినచో వచ్చు జవాబులు రెండే: సవ్యము, అపసవ్యము. మధ్యవి లేవు. పైని చెప్పిన ఔను-కాదు లెక్కకు ఇంతకంటె చక్కని వస్తువు ప్రకృతిలో లేదు. భగవంతం తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, అచ్చటి గణితవేత్త టి. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతమును భౌతిక సమస్యలకు వర్తింపజేయు గ్రంథమును 1948లో వాల్తేరు నుండి ప్రకటించెను. ఒక ఆకృతిని త్రిప్పినను, అద్దమున చూపినను మారకుండుటను బట్టి అణువుల కంపనములలో ఏవి వర్ణపటమున కనబడునో, ఏవి కనబడవో తేల్చు విద్య అది. చద్దరు అంచున ఒకే పువ్వును తిరగవేసి, బోర్లవేసి కూర్చు మన నకాషీ పనివారికి ఆ గణితపు చిగురు చేతివ్రేళ్ళలోనే యున్నది.

ఇప్పుడు అసలు సంశయమునకు వత్తము. జవాబు ముందు లేదని ఎట్లు చెప్పగలరు? అట్ట యొకటి లోపల దాగియున్నదేమో, మనకు కనబడుట లేదేమో! ఈ సంశయము సామాన్యులది కాదు, ఐన్‌స్టీనుది. 1935లో ఆయన పొడోల్‌స్కీ, రోజెను అనువారితో కలిసి, ఈ శాస్త్రము చెప్పునది అసంపూర్ణమని వాదించెను. ఒకేచోట పుట్టిన కణముల జంట దూరముగా విడిపోయినను, ఒకదానిని అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టి రెండవదాని జవాబు తెలిసిపోవుచున్నది. దూరమునున్న దానిని మనము తాకలేదు. కనుక ఆ జవాబు దానియందు ముందే యుండవలెను గదా యని ఆయన తర్కము.

దాగిన అట్టలు ఉండజాలవని ఫాన్ నాయ్‌మను తన గ్రంథమున ఒక నిరూపణ ఇచ్చియుండెను. ఆయన పేరు విని లోకము తలయూపెను. జర్మనీలో గ్రేటే హెర్మను అను తత్త్వవేత్రి, గణితము చదివిన స్త్రీ, 1935లో ఆ నిరూపణయందలి లోపమును వ్రాసి చూపెను. ఎవరును చెవి పెట్టలేదు. 1952లో డేవిడ్ బోము దాగిన అట్టలతోనే ఒక సిద్ధాంతమును నిర్మించి చూపెను. 1966లో ఐర్లండువాడైన జాన్ బెల్లు అదే లోపమును మరల బయటపెట్టిన పిదపగాని లోకము మేలుకొనలేదు. పెద్దపేరు సాక్ష్యము కాదనుటకు ఇది తగిన నీతికథ. లెక్కలో తప్పు చూపినది ఎవరని గాక, చూపినది సరియా కాదా యని విచారింపవలెను. మన పంచాయతీలలో స్త్రీ నోట వచ్చిన మాటకు ఇప్పటికిని దొరకు విలువ ఎంతయో చదువరులే ఎరుగుదురు.

1964లో బెల్లు ఇచ్చిన విచారమును మన అట్టలతోనే చెప్పవచ్చును. ఒక జంట రేణువులు ఎదురెదురు దిక్కులకు సాగిపోవుచున్నవి. ఒక్కొక్కదానిని మూడు ప్రశ్నలలో ఏదో ఒకటి అడుగవచ్చును. జవాబు ఔను, కాదు రెండే. రెంటిని ఒకే ప్రశ్న అడిగినప్పుడెల్ల జవాబులు కలియుచున్నవి. దాగిన అట్ట యున్నదని అనుకొందము. అప్పుడు రెంటి వద్దను ఒకే రకపు అట్ట, దానిలో మూడు చోట్లు, ప్రతిచోట రంధ్రము ఉండుట గాని లేకుండుట గాని. మూడు చోట్లకు రెండే విధములు గనుక, ఏవైన రెండు చోట్లు ఒకేరీతిగా నుండక తప్పదు. ఇప్పుడు రెంటిని వేర్వేరు ప్రశ్నలు అడుగుదము. ప్రశ్నల జతలు మూడు: ఒకటి-రెండు, రెండు-మూడు, ఒకటి-మూడు. వీనిలో కనీసము ఒక జతకు జవాబులు కలియును. కావున ఏ జతను అడుగవలెనో చీటీ తీసి నిర్ణయించినచో, నూటికి ముప్పదిమూడుసార్లకు తక్కువ గాకుండ జవాబులు కలియవలెను. అట్టలు ఎట్లు గుద్దినను ఈ లెక్కకు తిరుగులేదు. పిల్లవాడైనను కాగితముపై సరిచూచుకొనవచ్చును.

క్వాంటం లెక్క యేమి చెప్పును? మూడు ప్రశ్నలు అరువదేసి డిగ్రీల వాలులో నిలిపిన అద్దములైనచో, నీడ పొడవు అర, దాని వర్గము నాలుగవ వంతు. నూటికి ఇరువదియైదుసార్లే జవాబులు కలియవలెను. ముప్పదిమూడు, ఇరువదియైదు: ఏది నిజమో ప్రకృతినే అడుగవచ్చును.

అడిగిరి. ప్రయోగములలో వాడిన కొలతలు కొంత వేరైనను తర్కము ఇదియే. 1972లో ఫ్రీడ్‌మను, క్లౌజరు అమెరికాలోను, 1982లో ఆస్పే ఫ్రాన్సులోను పరీక్షించిరి. 2015లో హాలెండు దేశపు డెల్ఫ్టులో 1.3 కిలోమీటర్ల దూరమున జంటలను నిలిపి, వెనుకటి ప్రయోగములలో మిగిలిన సందులను మూసి పరీక్షించిరి. ప్రతిసారియు క్వాంటం లెక్కయే నిలిచినది. ఈ కృషికి ఆస్పే, క్లౌజరు, సైలింగరు అను మువ్వురికి 2022లో నోబెల్ బహుమానము లభించినది.

దీని వలన తేలిన దేమి? ప్రతి రేణువు తన అట్టను తనతో మోసికొని పోవుచు, దూరమున జరుగుదానితో నిమిత్తము లేకుండ జవాబు చెప్పుచున్నదను భావము నిలువదు. బోము చెప్పినట్టి అట్టలు కావలెనన్నచో, ఇచ్చట అడిగిన ప్రశ్నకు అచ్చటి రేణువు తక్షణమే చలించునని ఒప్పుకొనవలెను. 1957లో ఎవరెట్టు చెప్పినట్లు, ప్రతి జవాబును వేర్వేరు శాఖలలో జరుగుచునే యున్నదని మరికొందరందురు. లెక్కలో అందరును ఏకీభవింతురు. లెక్కకు అర్థమేమి యను చోట ఇప్పటికిని ఏకాభిప్రాయము లేదు. కాని లాప్లాసు తలచిన చద్దరు, ప్రతిపువ్వు తనచోటి అట్టలోనే ముందుగా గుద్దబడిన చద్దరు, ఈ లోకము కాదనుట మాత్రము రూఢియైనది. అట్టలో లేని పువ్వు నేతలో పూయుచున్నది.

ఇక దీని నుండి నీతి తీయుచోట మిక్కిలి జాగ్రత్త కావలెను. మొదటిది: "చూచుట" అనగా మనస్సుతో సంకల్పించుట కాదు. అద్దము, యంత్రము, ఫలకము రేణువును తాకుటయే చూచుట. మనుష్యుడెవ్వడును గదిలో లేకున్నను ఫలకముపై గురుతు పడును. మనస్సు కోరినట్లు ప్రకృతి జవాబు చెప్పదు. సంభావ్యతలు ఎవరి ప్రార్థనకును లొంగవు. జంట రేణువులతో దూరమునకు వార్త పంపుటకును వీలులేదని అదే గణితము చెప్పుచున్నది. కనుక ఈ శాస్త్రము పేరిట రోగము కుదురుస్తామనువారికి, దూరమునుండి శక్తి పంపుదుమనువారికి దీనిలో ఆధారము లేదు. కొలిచి చూపలేని మేలునకు వెల కట్టువానిని నమ్మరాదు.

రెండవది: వ్రాత ముందే లేదన్నంత మాత్రమున మనము స్వతంత్రులమైనట్లు కాదు. పాచికకు స్వాతంత్ర్యము కలదని ఎవరును అనరు. యాదృచ్ఛికమునకును, సంకల్పమునకును చాల దూరము. క్వాంటం శాస్త్రము మనకు స్వేచ్ఛను దానము చేయలేదు; కాని "అంతయు వ్రాసియున్నది" అను వాదమునకు శాస్త్రము అండ కలదను మాటను మాత్రము తొలగించినది. మన కులమునకు మూలపురుషుడని కొలుచు మార్కండేయుని కథలో ఆయుర్దాయము పదునారేండ్లని ముందే నిర్ణయమైనది. ఐనను ఆ బాలుడు నిర్ణయమునకు తలవంచి కూర్చుండలేదు. ప్రతి శ్రావణ పూర్ణిమకు రథము లాగు మనము, ఇంటికి వచ్చి బిడ్డతో "నీ నుదుట చదువు లేదు" అనుట ఆ కథను మరచుటయే. వ్రాతను సాకుగా చెప్పుట ప్రకృతిని నిందించుట కాదు. మన సోమరితనమును దాచుకొనుట.

మూడవది మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచినది. ప్రశ్న అడుగుట యొక పని. దానికి అడుగువాడు బాధ్యుడు. మనుష్యుల విషయమున ఇది పోలిక మాత్రమే. మనుష్యుడు రేణువు కాడు, సమీకరణములు మనలను శాసింపవు. ఐనను పోలిక కండ్లు తెరిపించును. జనగణన ఉద్యోగి వచ్చి మాతృభాష యేదని అడుగును; ఒక్క పేరే వ్రాసికొనును. మన యింట తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో హిందీ, కొన్ని పేటలలో కన్నడము. నాలుగు తరములు ఇచ్చట పుట్టి పెరిగిన కుటుంబమున బాలుడు తల్లితో ఒక భాష, చెల్లెలితో వేరొక భాష మాటలాడును. వానిని ముందుగా "మీ ఊరేది?" అని అడిగి పిదప భాష అడిగినచో ఒక జవాబు, ముందుగా "ఏ బడి?" అని అడిగి పిదప భాష అడిగినచో మరియొక జవాబు. రెండును అబద్ధములు కావు. నీవు తెలుగువాడవా, మరాఠీవాడవా యని కోసి అడుగు ప్రశ్నకు, అడుగక పూర్వము వాని మనస్సున కోత లేదు. ప్రశ్నయే కోతను పెట్టినది. తెలంగాణమునకు పోయినచో "మీరు మహారాష్ట్రులు" అని, ఇచ్చట "మీరు తెలంగులు" అని వినుచుండు మన యువకులు ఇందుకు కుంగవలసిన పని లేదు. ఏటవాలు బాణము లోపము గల బాణము కాదు. దాని పొడవు సంపూర్ణముగా ఒకటియే.

ఇదే న్యాయము ఇంటిలోను చెల్లును. పదవ తరగతి దాటిన కూతురును మన యిండ్లలో తరచుగా అడుగు ప్రశ్న ఒక్కటే: బీడీలు చుట్టుటకు ఎప్పటి నుండి కూర్చుందువు, లేదా సంబంధము ఎప్పుడు చూతము? ఆమె ఏదో ఒక జవాబు చెప్పును. దానినే ఆమె స్వభావమని మనము వ్రాసికొందుము. "నీకు గణితము ఇష్టమా?" అను ప్రశ్న అడుగనేలేదు. అడుగని ప్రశ్నకు జవాబు లేకపోవుట ఆమె తప్పు కాదు. నిలువుగా పట్టిన అద్దము నిలువు సంగతియే చెప్పును. వాలు సంగతి దానికి తెలియదు. నడుమ ఒక్క ప్రశ్న వాలుగా అడిగినచో, చీకటియని తలచిన చోట వెలుగు రావచ్చును.

ఇంతకును గుమాస్తా ధర్మము చెడినదా? చెడలేదు. బేళ్ళు బేళ్ళే, వానిని ఉన్నట్లు వ్రాయవలసినదే. కూలి లెక్కలో అనిశ్చితి నియమము పనికిరాదు. దానిని చెప్పి నేతగాని కూలి తగ్గింపరాదు. ప్లాంకు స్థిరాంకపు సున్నలను మరవకుండుటయే ఇచ్చట వివేకము. ఏ లెక్క ఏ మేరకు చెల్లునో తెలిసికొనుట, ఆ మేరను దాటి చెప్పకుండుట, తెలిసినదానిని తెలిసినంతవరకే చెప్పుట: ఈ మూడును చిట్టా వ్రాయువానికి, శాస్త్రజ్ఞునికి సమానమైన నియమములు.

భారతప్రభుత్వము 2023 ఏప్రిలులో జాతీయ క్వాంటం కార్యక్రమమును 6003.65 కోట్ల రూపాయల వ్యయముతో ఆమోదించినది. క్వాంటం శాస్త్రము పుట్టి నూరేండ్లైన సందర్భమున 2025ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ క్వాంటం సంవత్సరముగా ప్రకటించెను. అమరావతిలో క్వాంటం కేంద్రమును నెలకొల్పుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అదే సంవత్సరమున సంకల్పించినది. ఈ మాటలు ఇక మన పేటలలోను వినబడును. అప్పుడు మన బిడ్డలు భయపడకయు, మోసపోకయు నుండవలెనన్నచో మాత్రికలు, సంభావ్యత అను రెండు పాఠములు చక్కగా నేర్వవలెను. రెండును కళాశాల మొదటి మెట్టుననే యున్నవి. జకార్డు అట్టపై రంధ్రము ఉండుట, లేకుండుట అను రెంటితో వేల పువ్వులు నేసిన వంశము వారికి ఔను, కాదు అను రెంటి గణితము పరాయిది కాజాలదు. పెద్దలమైన మనము చేయవలసినది ఒక్కటే. వారి నుదురు చదువుట మాని, వారిని మంచి ప్రశ్నలు అడుగుట నేర్చుకొందము.